బ్రాట్‌వుర్స్ట్ గ్రిల్ మీద ఎందుకు పగులుతుంది? సలహాలు ఎందుకు కలవవు?

జర్మన్ సాసేజ్‌ని ఇంట్లో కాల్చడం ఎలా అని వెతికితే రెండు రకాల సలహాలు దొరుకుతాయి. ఒకదానికి ఇంకోదానితో పొసగదు. ముందు బీరులోనో నీళ్లలోనో ఉడికించాకే నిప్పుల మీద పెట్టాలంటారు కొందరు. అలా చేస్తే రుచంతా నీళ్లపాలే, నేరుగా కాల్చాల్సిందే అంటారు ఇంకొందరు. కత్తితో గాట్లు పెట్టమని ఒకరు, పొరపాటున కూడా గుచ్చొద్దని మరొకరు. మంట పెద్దదిగా ఉండాలని ఒక చోట, సన్నని సెగ చాలని ఇంకో చోట. ఇవన్నీ చదివి గ్రిల్ ముందు నిలబడిన మనిషికి చివరికి మిగిలేది పైన మాడి లోపల పచ్చిగా ఉన్న సాసేజో, పొట్ట పగిలి రసమంతా బొగ్గుల పాలైన సాసేజో.

ఈ సలహాల్లో చాలావరకు తప్పు కాదు. వాటిని ఇచ్చేవాళ్ల చేతిలో ఉన్న సరుకే వేరు.

సంక్షిప్తంగా

బ్రాట్‌వుర్స్ట్ పేరుతో మార్కెట్లో పచ్చివీ, ముందే వేడినీళ్లలో ఉడికించినవీ రెండూ అమ్ముతారు. పచ్చిదానికి లోపలి వరకు ఉడకడం ముఖ్యం, ఉడికినదానికి పైన రంగు రావడం ముఖ్యం. పగలడానికి ప్రధాన కారణం లోపలికి వేడి చేరేలోపే పైతొడుగు బిగుసుకుపోవడం. ఎంతసేపు కాల్చాలో నిర్ణయించేది పొడవు కాదు, లావు. మాంసం రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేం. లోపల 70 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ వేడి ఉందా లేదా అన్నదే నమ్మదగ్గ గుర్తు. కోడిమాంసమైతే 74 ఉండాలి.

ఒకే పేరు, రెండు సరుకులు

బ్రాట్‌వుర్స్ట్ అంటే కీమాలో ఉప్పు, మసాలాలు కలిపి పేగులో నింపిన సాసేజ్. ఎక్కువగా పంది మాంసంతో, కొన్ని ప్రాంతాల్లో దూడ మాంసమో ఎద్దు మాంసమో కలిపి చేస్తారు. జర్మనీలో మాంసం దుకాణానికి వెళితే ఇది రెండు స్థితుల్లో కనిపిస్తుంది. ఒకటి పూర్తిగా పచ్చిది. రెండోది, నింపిన వెంటనే మరగని వేడినీళ్లలో ఉంచి, లోపలిదాకా గట్టిపడ్డాక చల్లార్చినది. పచ్చిది గులాబీ రంగులో మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. ఉడికినది పాలిపోయి బూడిద ఛాయలో ఉంటుంది, నొక్కి వదిలితే మళ్లీ పైకి లేస్తుంది. జర్మన్ ప్యాకెట్ మీద ‘గెబ్రూట్’ అని ఉంటే ఉడికించినదని, ‘రో’ అని ఉంటే పచ్చిదని అర్థం. అమెరికాలో ‘ఫుల్లీ కుక్‌డ్’ అన్న మాట ఉందా లేదా అని చూడాలి.

రెండు రూపాలు ఎందుకొచ్చాయన్నది వంటకన్నా ఆరోగ్యానికి సంబంధించిన కథ. మాంసం ముక్కగా ఉన్నంతసేపు క్రిములు చాలావరకు పైపైనే ఉంటాయి. కీమా కొట్టగానే పైన ఉన్నవి లోపలంతా కలిసిపోతాయి. ఇది కాక పంది మాంసానికి ట్రైకినెల్లా అనే పురుగు బెడద ఉండేది. 1865లో హెడర్స్‌లేబెన్ అనే జర్మన్ ఊళ్లో ఈ పురుగున్న పంది మాంసం తిని దాదాపు వంద మంది చనిపోయారు. వధించిన ప్రతి పందినీ సూక్ష్మదర్శినితో పరీక్షించాలని డాక్టర్ రుడాల్ఫ్ విర్కో పట్టుబట్టింది ఆ రోజుల్లోనే. జర్మన్ మాంసం తనిఖీ వ్యవస్థకు పునాది అక్కడే పడింది. పచ్చి కీమాను తయారైన రోజే అమ్మేయాలన్న నిబంధన అక్కడ 2007 దాకా నడిచింది. పచ్చి సాసేజ్‌కూ గడువు తక్కువే. రోజూ ఉదయం తయారుచేసి సాయంత్రానికి అమ్ముకునే కసాయి దుకాణానికి అది ఇబ్బంది కాదు. ఫ్యాక్టరీలో ప్యాక్ చేసి వందల కిలోమీటర్ల దూరంలోని సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లకు మాత్రం అది కుదరదు. అందుకే ప్యాకెట్లలో దొరికే జర్మన్ బ్రాట్‌వుర్స్ట్ ఎక్కువగా ఉడికించినదే అయి ఉంటుంది.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ విస్కాన్సిన్ రాష్ట్రంలో 1945లో మొదలైన జాన్సన్‌విల్ లాంటి కంపెనీల బ్రాట్‌లు పచ్చిగానే, లావుగా, ఫ్రిజ్ అరల్లో విరివిగా దొరుకుతాయి. ముందు ఉడికించమనే సలహా ఎక్కువగా అమెరికా వైపు నుంచి, నేరుగా గ్రిల్ మీద పెట్టమనే సలహా ఎక్కువగా జర్మనీ వైపు నుంచి రావడానికి ఇది పెద్ద కారణం. రెండు దేశాల వంట వీడియోలు ఒకే ఫోన్‌లో చూసేవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పరు.

తొడుగు లోపల జరిగేది

సాసేజ్ కీమాలో ఉప్పు రుచి కోసమే కాదు. మాంసం బరువులో సుమారు 2 శాతం ఉప్పు వేసి బాగా పిసికితే కండలోని మయోసిన్ అనే ప్రొటీన్ కరిగి జిగురులా బయటికి వస్తుంది. ఆ జిగురే కొవ్వునూ నీటినీ పట్టి ఉంచుతుంది. వేడి తగిలినప్పుడు అది గట్టిపడి వలలా అల్లుకుంటుంది. మంచి బ్రాట్‌వుర్స్ట్‌లో కొవ్వు పాతిక నుంచి ముప్పై శాతం దాకా ఉంటుంది. ఇంత కొవ్వు కారిపోకుండా లోపలే ఉండి రసంలా అనిపించడానికి ఆ వలే కారణం. కీమా కలిపేటప్పుడు వేడెక్కితే కొవ్వు కరిగి మాంసానికి పూసుకుపోతుంది, వల సరిగా అల్లుకోదు. తయారీలో మంచు ముక్కలు వేసేది అందుకే. అక్కడ జరిగిన లోపాన్ని గ్రిల్ దగ్గర ఎవరూ సరిచేయలేరు. సాసేజ్ ఎంత జాగ్రత్తగా కాల్చినా కొవ్వంతా కారి లోపల పొడిపొడిగా మిగిలిందంటే చాలాసార్లు తప్పు కాల్చినవాళ్లది కాదు.

ఇక పైతొడుగు. పంది పేగైనా గొర్రె పేగైనా ప్రధానంగా కొల్లాజెన్. 60 డిగ్రీలు దాటాక కొల్లాజెన్ ముడుచుకుంటుంది. పచ్చి సాసేజ్‌ని భగభగ మండే నిప్పు మీద పెడితే పైతొడుగు నిమిషంలో ఆ వేడికి చేరి బిగుసుకుంటుంది. తొడుగు కింది పలుచని పొరలో నీరు ఆవిరవుతుంది, కొవ్వు కరిగి వ్యాకోచిస్తుంది. మధ్యభాగం మాత్రం ఇంకా ఫ్రిజ్ చల్లదనంలోనే ఉంటుంది. బయటి సంచి చిన్నదవుతూ లోపలి సరుకు పెద్దదవుతుంటే ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చిట్లుతుంది. సన్నని సెగ మీద మెల్లగా వేడెక్కితే లోపలి మాంసం కూడా దాదాపు అదే సమయానికి గట్టిపడుతుంది. కొవ్వూ నీరూ ఆ వలలో చిక్కుకుంటాయి కాబట్టి తొడుగు మీద ఒత్తిడి పెరగదు.

గుచ్చాలా వద్దా అన్న తగాదా కూడా ఇక్కడే తేలిపోతుంది. పచ్చిదాన్ని ఫోర్కుతో గుచ్చితే, వల ఇంకా అల్లుకోలేదు కాబట్టి, కరిగిన కొవ్వు ఆ రంధ్రాల్లోంచి బయటికి వస్తుంది. అది నిప్పుల మీద పడి మంట లేస్తుంది. పగలకుండా ఉండాలని గుచ్చినవాళ్లకు మాడిన, ఎండిన సాసేజ్ మిగులుతుంది. ఉడికినదానిలో వల ముందే గట్టిపడి ఉంటుంది, పైన ఏటవాలుగా గాట్లు పెట్టినా పెద్దగా కారదు. పైగా గాటు అంచులు కరకరలాడుతూ ఎర్రగా వేగుతాయి. లావుపాటి బాక్‌వుర్స్ట్ లాంటి ఉడికిన రకాలకు గాట్లు పెట్టడం జర్మన్ ఇళ్లలో మామూలు విషయమే.

లావు లెక్క

వేడి సాసేజ్ మధ్యలోకి చేరడానికి పట్టే సమయం దాదాపుగా లావుకు వర్గంలో పెరుగుతుంది. అంటే లావు ఒకటిన్నర రెట్లయితే సమయం రెండు రెట్ల పైచిలుకు, లావు రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. జర్మన్ ప్రాంతాల కాల్చే పద్ధతులు ఒకదానికొకటి ఎందుకు అంత దూరంగా ఉంటాయో ఈ ఒక్క లెక్కతో చాలావరకు అర్థమవుతుంది.

న్యూరెంబర్గ్ సాసేజ్ పొడవు 7 నుంచి 9 సెంటీమీటర్లు, బరువు 20 నుంచి 25 గ్రాములు. సన్నని గొర్రె పేగులో నింపుతారు. చిటికెన వేలంత ఉంటుంది కాబట్టి బీచ్ కట్టెల మంట మీద పెట్టినా పైన రంగు వచ్చేలోపు లోపల ఉడికిపోతుంది. ఆ ఊరి పాత హోటళ్లలో అలాగే కాల్చి అర డజను, డజను చొప్పున పులియబెట్టిన క్యాబేజీతో వడ్డిస్తారు. వీధిలో అయితే మూడు కలిపి ఒక బన్నులో పెట్టిస్తారు.

తురింగియా సాసేజ్ 15 నుంచి 20 సెంటీమీటర్లు, 100 నుంచి 150 గ్రాములు. దీని గురించి దొరికిన అతి పాత రాత ఆర్న్‌స్టాట్‌లోని ఒక క్రైస్తవ సన్యాసినుల మఠం లెక్కల పుస్తకంలో ఉంది. 1404లో సాసేజ్‌ల కోసం పేగులు కొన్న ఖర్చు అక్కడ రాసుకున్నారు. దీన్ని బొగ్గుల మీదే కాలుస్తారు, కానీ మంట ఆరి నిప్పులు బూడిద కప్పుకున్నాక, మాటిమాటికీ తిప్పుతూ. ఈ రెండు సాసేజ్‌ల పేర్లకూ యూరోపియన్ యూనియన్‌లో 2003 నుంచి భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. మన బందరు లడ్డుకు ఉన్న గుర్తింపు లాంటిదే. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేసినవాటికే ఆ పేరు చెల్లుతుంది.

కోబుర్గ్ పద్ధతి వీటన్నిటికన్నా విచిత్రం. అక్కడ ఎండిన పైన్ కాయల మంట మీద కాలుస్తారు. బంకగా ఉండే పైన్ కాయలు పొగ ఎక్కువ ఇస్తాయి, ఆ పొగ వాసనే కోబుర్గ్ రుచికి ఆయువుపట్టు. ఇంట్లో దాన్ని అనుకరించాలనుకుంటే నష్టమే ఎక్కువ. బంక పొగలో ఆరోగ్యానికి పనికిరాని పదార్థాలు ఎక్కువ కాబట్టి మామూలు గ్రిల్‌కు పైన్ కట్టె వాడొద్దనే చెబుతారు.

మసాలాల్లో ఎక్కువగా కనిపించేది మార్జోరం. ఇది మనకు పరాయిదేమీ కాదు, పూలదండల్లో కట్టే మరువమే. దానికి తోడు మిరియాలు, తురింగియాలో షాజీరాను పోలిన కారవే గింజలు, వెల్లుల్లి. ఈ మసాలాలు లోపల ఉంటాయి కాబట్టి మాడవు. తందూరీ లాగా పైన మసాలా పట్టించి కాల్చాలని చూస్తే ఆ పూత లోపలి మాంసం ఉడికేలోపే నల్లబడుతుంది.

బీరు స్నానం ఎవరికి అవసరం

విస్కాన్సిన్‌లోని షెబోయ్‌గన్ పట్టణం జర్మన్ వలసదారుల వారసత్వంతో బ్రాట్‌వుర్స్ట్‌ను తన గుర్తుగా చేసుకుంది. అక్కడ బ్రాట్‌వుర్స్ట్ పండుగ 1953లో మొదలైంది. ఆ రాష్ట్రంలో పచ్చి బ్రాట్‌లను బీరు, ఉల్లిపాయ, వెన్నలో ఉడికించి తర్వాత గ్రిల్ చేయడం సర్వసాధారణం. షెబోయ్‌గన్‌లో ఛాందసులు మాత్రం దీనికి ఒప్పుకోరు. పచ్చివాటిని నేరుగా బొగ్గుల మీద కాల్చి, ఆ తర్వాతే వెన్న, ఉల్లిపాయల బీరులో వేసి వేడిగా ఉంచుతారు.

ముందు ఉడికించడంలో లాభం స్పష్టమే. లావుపాటి పచ్చి సాసేజ్ లోపల సురక్షితంగా ఉడుకుతుంది, గ్రిల్ మీద రంగు రావడానికి మూడు నాలుగు నిమిషాలు చాలు. పది ఇరవై మందికి వండేటప్పుడు ఇదే నయం. నష్టం కూడా ఉంది. ఉప్పు, మసాలా, కొంత కొవ్వు ఆ ద్రవంలోకి దిగిపోతాయి. బీరు కుతకుతా మరిగితే తొడుగు గిన్నెలోనే పగులుతుంది. 75, 80 డిగ్రీల దగ్గర, గిన్నె అడుగు నుంచి చిన్న చిన్న బుడగలు లేస్తున్న స్థితిలో ఉంచితే ఈ రెండు నష్టాలూ తగ్గుతాయి. బయటికి తీశాక గుడ్డతో తుడవాలి. పైన తడి ఉన్నంతసేపు తొడుగు 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగిన రంగు, వాసన రావాలంటే 140 దాటాలి.

ముందే ఉడికిన ప్యాకెట్ సాసేజ్‌ని మళ్లీ బీరులో ఉడికించడం మాత్రం దండగ. లోపల ఉడకాల్సింది ఏమీ మిగల్లేదు.

తురింగియాలో బీరు కనిపించేది వేరే పని మీద. కాలుతున్న సాసేజ్‌ల మీద చిలకరిస్తారు, లేచిన మంటను అణచడానికే ఎక్కువ. రుచి వస్తుందని నమ్మేవాళ్లు ఉన్నారు కానీ, వేడి తొడుగు మీద పడిన చుక్క క్షణంలో ఆవిరైపోతుంది కాబట్టి దాని వంతు స్వల్పమనే అనుకోవాలి. నిప్పుల మీద పడిన బీరు మాత్రం బూడిదను లేపి సాసేజ్‌కి అంటిస్తుంది. మంట లేస్తే సాసేజ్‌ని పక్కకు జరపడమే సులువు.

ఇంట్లో ఏ పొయ్యి మీద

పచ్చిదానికి గ్రిల్‌ను రెండు భాగాలుగా చేసుకోవడమే కీలకం. బొగ్గులన్నీ ఒక వైపు నెట్టి రెండో వైపు ఖాళీగా వదలాలి. గ్యాస్ గ్రిల్ అయితే ఒక బర్నర్ ఆపేయాలి. సాసేజ్‌లను మొదట ఖాళీ వైపు పెట్టి మూత వేస్తే చుట్టూ తిరిగే వేడిగాలికి మెల్లగా ఉడుకుతాయి. చివర్లో రెండు మూడు నిమిషాలు నిప్పుల వైపు తిప్పితే రంగు వస్తుంది. ఉడికినవాటికి ఈ హంగు అక్కర్లేదు, మధ్యస్థమైన సెగ మీద నాలుగు వైపులా తిప్పితే చాలు. గడ్డకట్టినదాన్ని ఫ్రీజర్ నుంచి నేరుగా గ్రిల్ మీద వేస్తే ఏ పద్ధతీ పనిచేయదు. ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకోవాలి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల సంగతి వేరు. జర్మనీలో బాల్కనీలో గ్రిల్ పెట్టొచ్చా అన్నది అద్దె ఒప్పందం మీద, ఇంటి నియమాల మీద ఆధారపడుతుంది. పక్కింటివాళ్ల ఫిర్యాదుల మీద కోర్టులు ఒక్కో చోట ఒక్కోలా తీర్పులిచ్చాయి. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థులు కొత్త ఇంట్లో దిగగానే బొగ్గుల గ్రిల్ కొనేముందు ఆ కాగితాలు చూసుకోవడం మంచిది. ఏ దేశంలోనైనా బొగ్గుల గ్రిల్‌ను, కుంపటిని గది లోపల వాడటం మాత్రం ప్రాణాపాయం. ఆరిపోయినట్టు కనిపించే నిప్పులు కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతూనే ఉంటాయి. దానికి వాసన ఉండదు.

బయట వీలుకానప్పుడు దళసరి ఇనప పెనం మంచి ప్రత్యామ్నాయం. పచ్చి సాసేజ్‌లు పెట్టి, అడుగు తడిసేన్ని నీళ్లు పోసి మూత పెట్టాలి. నీళ్లు ఇగిరేసరికి లోపల చాలావరకు ఉడుకుతుంది. మూత తీస్తే కారిన కొద్దిపాటి కొవ్వులోనే అవి వేగుతాయి. పొగ రుచి రాదు కానీ పగిలే అవకాశం అన్నిటికన్నా ఇందులోనే తక్కువ.

గులాబీ రంగు, నైట్రైట్, పొగ

కోసి చూస్తే లోపల గులాబీ రంగు కనిపించిందని కంగారు పడేవాళ్లు, బూడిద రంగు చూసి ఉడికిందని నమ్మేవాళ్లు ఇద్దరూ పొరబడొచ్చు. నిల్వ కోసం వాడే సోడియం నైట్రైట్ కలిపిన మాంసం ఎంత ఉడికినా గులాబీగానే ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్టర్, వీనర్, చాలా రకాల హాట్‌డాగ్‌లు ఈ కోవలోవి. తెల్లటి బ్రాట్‌వుర్స్ట్‌లో మామూలుగా నైట్రైట్ ఉండదు, అందుకే కాలాక బూడిద రంగుకు మారుతుంది. ఆ మార్పు సురక్షితమైన వేడికి చేరకముందే కూడా కనిపించొచ్చు. కాబట్టి థర్మామీటర్‌ను పక్క నుంచి కాకుండా ఒక కొస నుంచి నిలువుగా లోపలికి దూర్చి చూడాలి. జర్మనీలో ఆహార భద్రతను అంచనా వేసే సంస్థ కనీసం రెండు నిమిషాలు 70 డిగ్రీలు ఉండాలంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ పంది కీమాకు 71, కోడి కీమాకు 74 చెబుతుంది. సరిగా ఉడకని పంది మాంసంతో వచ్చే జబ్బుల్లో హెపటైటిస్-ఇ కూడా ఉంది.

నైట్రైట్ ఉన్నవాటిని గ్రిల్ చేయొద్దని జర్మనీలో తరచూ చెప్పడానికి కారణం నైట్రోసమైన్లు. ఎక్కువ వేడిలో నైట్రైట్, మాంసంలోని అమైన్లు కలిసి వీటిని తయారుచేస్తాయి. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. కొవ్వు నిప్పుల మీద పడి లేచే పొగలో బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారక పదార్థాలుంటాయి, ఇది పచ్చిదానికైనా ఉడికినదానికైనా వర్తిస్తుంది. అందుకే సెగ పక్కన కాల్చడం రుచికే కాదు, దీనికీ మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వర్గంలో చేర్చింది. రోజూ తినే ప్రతి 50 గ్రాములకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. ఈ అంకెను చదివేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోవాలి. అది ఉన్న ముప్పు మీద పెరుగుదల, తిన్న వందమందిలో 18 మందికి వస్తుందని కాదు. అలాగే అది రోజూ తినే అలవాటుకు సంబంధించినది. వేసవిలో ఎప్పుడో ఒకసారి తినేవాళ్లకూ, రోజూ టిఫిన్‌లో సాసేజ్ ఉండేవాళ్లకూ ఒకే భయం చెప్పడం సరికాదు.

హైదరాబాద్ ఫ్రీజర్‌లో దొరికేది

తెలుగు రాష్ట్రాల సూపర్ మార్కెట్లలో సాసేజ్ పేరుతో ఎక్కువగా కనిపించేది కోడిమాంసంతో చేసి, ముందే ఉడికించి, గడ్డకట్టించిన రకం. చాలావాటి లేబుల్ మీద ప్రిజర్వేటివ్ 250 అని ఉంటుంది, అదే సోడియం నైట్రైట్. కుటుంబంలో ఇది ఫ్రాంక్‌ఫర్టర్‌కు దగ్గర, బ్రాట్‌వుర్స్ట్‌కు దూరం. కొవ్వు తక్కువ కాబట్టి ఎక్కువసేపు కాలిస్తే రబ్బరులా తయారవుతుంది. కొంచెం నూనె రాసి, మధ్యస్థమైన సెగ మీద లోపల వేడెక్కేదాకా, పైన కొద్దిగా రంగు తేలేదాకా ఉంచితే సరి. దీన్ని అరగంట బొగ్గుల మీద పెట్టి పొగ రుచి రావడం లేదని నిరాశపడితే తప్పు సాసేజ్‌ది కాదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది. పంది మాంసం తినేవాళ్లు కూడా ఎద్దు, దూడ మాంసం ముట్టకపోవచ్చు. కోబుర్గ్ సాసేజ్‌లో అది కలుస్తుంది, మ్యూనిక్ తెల్ల సాసేజ్‌లో ప్రధానంగా దూడ మాంసమే ఉంటుంది. తొడుగు కూడా లెక్కలోకి వస్తుంది. కోడిమాంసం సాసేజ్‌కి పంది పేగు తొడుగు ఉండటం అమెరికాలో అరుదేమీ కాదు, కావలసిన పదార్థాల జాబితాలో ఆ మాట చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ దేశంలో దొరికే పచ్చి కోడి, టర్కీ బ్రాట్‌లకు పంది బ్రాట్‌లంత కొవ్వు ఉండదు, పైగా 74 డిగ్రీలకు చేరాలి. బీరులోనో, మరగని ఉల్లిపాయ నీళ్లలోనో ముందు ఉడికించే పద్ధతి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది వీటికే.